మాట మొదలయ్యే చోటు

మొగుడంపల్లి 2016 అక్టోబరులో మండల కేంద్రమైంది. సంగారెడ్డి జిల్లా కొత్తగా ఏర్పడ్డప్పుడు జహీరాబాద్ మండలం నుంచి దీన్ని విడదీశారు. అంతకంటె పెద్ద మార్పు అరవై ఏళ్ల ముందే జరిగింది. 1956 నవంబరు 1 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్విభజన చట్టం నిర్ణా సర్కిల్‌ను మైసూరు వైపు వదిలి, తక్కిన తాలూకాను మెదక్ జిల్లాలో కలిపింది. అలా ఈ నేల తెలుగు రాష్ట్రంలోకి వచ్చింది. కాగితం మీద జిల్లా మారినా నోటి మీద భాషలు మారలేదు. తెలుగు, కన్నడం, మరాఠీ, దక్కనీ ఉర్దూ ఇక్కడి సంతల్లో ఇప్పటికీ పక్కపక్కనే వినిపిస్తాయి.

ఒకరన్న మాటను మరొకరికి చేరవేయడంలో ఈ నాలుగు భాషలదీ ఒకే పద్ధతి. తెలుగువారు 'రేపొస్తనని చెప్పిండు' అంటారు. కన్నడిగులు మాట చివర 'అంత' చేరుస్తారు, మరాఠీవారు 'మ్హణూన్' వాడతారు. ఢిల్లీ ఉర్దూలో 'ఉస్‌నే కహా కె' అని ముందు చెప్పి ఆ తరువాత మాట చెబుతారు. దక్కన్ ఉర్దూ మాత్రం మాటంతా చెప్పి, చివర 'బోల్‌కే' అంటుంది. ఉత్తరాది నుంచి వచ్చిన భాష ద్రావిడ భాషల నడుమ కొన్ని శతాబ్దాలు బతికి వాటి వాక్యపు అమరికను తనదిగా చేసుకుంది. ఇంతకంటె పాత పోలిక ఒకటుంది. సంస్కృతంలో మాట చివర నిలిచే 'ఇతి' వాడుక వెనక ద్రావిడ ప్రభావం ఉండవచ్చునని డచ్చి పండితుడు క్యూపర్ 1967లో వాదించాడు. ఆ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. అయినా భారతదేశాన్ని ఒకే భాషా మండలంగా చూసేవారి చర్చల్లో అది ఇప్పటికీ ముఖ్యమైనదే.

ప్రత్యక్ష కథనానికి ఉద్ధరణ చిహ్నాలు పెట్టడం గురించి తెలుగులో రాసేవాళ్లు సాధారణంగా ఇంగ్లీషు వ్యాకరణం దగ్గర మొదలుపెడతారు. మన వాక్యం దగ్గర మొదలుపెడితే ప్రశ్న వేరుగా కనిపిస్తుంది. 'అని' ఉండగా తెలుగుకు కొటేషన్ మార్కులతో పనేమిటి? మాట ముగిసిన చోటును ఆ రెండక్షరాలు ఏ చిహ్నం లేకుండానే చెబుతున్నాయి కదా! కానీ మాట మొదలైన చోటును అవి చెప్పలేవు. 'ఎల్లయ్య రాములు నన్ను పిలిచిండని చెప్పిండు' అన్న వాక్యంలో 'నన్ను' ఎవరు? ఎల్లయ్యా, ఈ వాక్యం చెబుతున్న మనిషా? నోటితో చెప్పేటప్పుడు గొంతు మార్చి, 'ఎల్లయ్య' తరువాత కాస్త ఆగి తేల్చేస్తాం. రాతలో ఆ ఆగడం కనిపించదు. ఎల్లయ్య, "రాములు నన్ను పిలిచిండు" అని చెప్పిండు అంటే పిలుపు ఎల్లయ్యకు. చిహ్నాలు తీసేస్తే ఆ పిలుపు ఎవరికైనా కావచ్చు. పంచాయతీ తీర్మానంలోనో పోలీసు వాంగ్మూలంలోనో ఇలాంటి వాక్యం పడితే అది వ్యాకరణ సందేహంగా మిగిలిపోదు, తగాదా అవుతుంది.

మన పాత రచయితలు ఈ చిక్కును ఎరగనివారు కారు. సంస్కృత మహాభారతంలో 'వైశంపాయన ఉవాచ' వంటి మాటలు శ్లోకానికి బయట నిలుస్తాయి, ఛందస్సులో చేరవు. ఎవరు మాట్లాడబోతున్నారో చదువరికి ముందే తెలుస్తుంది. ఆ కావ్యానికి అది అవసరం కూడా. సూతుడు శౌనకాదులకు చెబుతున్న కథలో వైశంపాయనుడు జనమేజయుడికి చెబుతుంటాడు. ఆ కథలో సంజయుడు ధృతరాష్ట్రుడికి చెబుతుంటాడు. సంజయుడి మాటల్లో కృష్ణుడు అర్జునుడికి చెబుతుంటాడు. ఇవాళ్టి అచ్చు నియమం ప్రకారం జంట చిహ్నాల్లో ఒంటివి, ఒంటివాటిలో మళ్లీ జంటవి పెట్టుకుంటూ పోతే పేజీ పట్టదు.

పదకొండో శతాబ్దంలో నన్నయ ఆ కథను తెలుగు చేసినప్పుడు పద్యానికీ పద్యానికీ నడుమ వచనం పెట్టి దారి చేశాడు. ఆయన తరువాతి కవులూ ఆ దారినే నడిచారు. వచనం చివర 'ఇట్లనియె' అని ఉంటే అక్కడినుంచి పాత్ర గొంతు మొదలవుతుందని అర్థం. మాట ముగిశాక 'అనిన విని' వస్తుంది. మధ్యలో చదువరి దారి తప్పకుండా 'నరేంద్రా', 'మునీంద్రా' వంటి సంబోధనలు పడుతుంటాయి. పద్యం నిండడానికే ఇవి వేశారని తేలిగ్గా తీసేసేవారున్నారు. భాగవతం చదివేటప్పుడు ఇవి చేసే మేలు తెలుస్తుంది. శుకుడు పరీక్షిత్తుకు చెబుతున్నాడన్న సంగతి మరుపున పడబోయేసరికి ఒక సంబోధన వచ్చి గుర్తు చేస్తుంది.

కావ్య భాషకు ఈ విధంగా సొంత చిహ్నాల జంట ఉండేది. 'ఇట్లనియె' తెరిచేది, 'అని' మూసేది. తాటాకు మీద పదాల నడుమ ఖాళీ ఉండదు, పాదాల విరుపు ఉండదు. అటువంటి రాతలో చదువరిని నడిపించింది ఈ మాటల జంట, దానికి తోడు పద్యం మొదట్లో వేసే 'క.', 'ఉ.', 'చ.', 'వ.' వంటి గుర్తులు. వీరశైవ కవులు ద్విపదలో రాసినా, తిక్కన సభా సంవాదాలను నాటకంలా నడిపినా ఆధారం ఇదే. తిక్కన పాత్రల మాటలకు అంత పదును వచ్చిందంటే ఎవరు ఎప్పుడు నోరు తెరిచారో పొరబడే వీలు ఆయన ఇవ్వకపోవడం కూడా ఒక కారణమని నేననుకుంటాను.

పల్లెల్లో కథ చెప్పేవాళ్లకూ ఇదే జంట ఉంది, మాటలు మాత్రం వేరు. 'ఏమన్నడంటే' అని తెరుస్తారు, 'అన్నడు' అని మూస్తారు. ఒగ్గు కథ విన్నవారికి, ఇంట్లో ముసలవ్వ చెప్పే ముచ్చట విన్నవారికి ఇది కొత్త సంగతి కాదు. 'ఏమన్నదంటే' అన్నాక కథకుడు ఒక క్షణం ఆగుతాడు. వినేవాళ్లు ఆ క్షణంలో రాణి గొంతుకు సిద్ధమవుతారు.

పందొమ్మిదో శతాబ్దంలో వచనం విరివిగా రాయాల్సి వచ్చినప్పుడు ఈ ఏర్పాటు సడలింది. కర్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి సహాయకులూ ఊరూరా సేకరించిన కైఫీయత్తులు చూడండి. స్థానికులు చెప్పిన సంగతులను కరణాల వాడుక భాషలో రాసుకున్న కాగితాలవి. వాక్యం పేజీ పొడుగునా సాగుతుంది. ఎవరో చెప్పినది, ఆయనకు ఇంకెవరో చెప్పినది, రాసేవాడు తెలుసుకున్నది అన్నీ 'అని' దగ్గర వచ్చి కలుస్తాయి. ఊళ్ల చరిత్ర రాసేవారికి అవి వెలకట్టలేని ఆధారాలు. అయినా ఒక వాక్యంలో సాక్షి మాట ఎంత, రాసేవాడి మాట ఎంత అని విడదీయబోతే ఆ పొడుగాటి వాక్యం లొంగదు.

ఆ రోజుల్లోనే అచ్చు వచ్చింది. శ్రీరాంపూరులో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో వెలువడింది. క్యాంప్‌బెల్ వ్యాకరణం మద్రాసులో 1816లో వచ్చింది, సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో. కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకం, వాటితోపాటు కొటేషన్ మార్కులు తెలుగు అచ్చు అక్షరాల కేసుల్లోకి క్రమంగా చేరాయి. ఐరోపాలో కూడా అప్పటికి ఇవి మరీ పాతవేమీ కావు. గ్రీకు పండితులు ముఖ్యమైన పంక్తి పక్కన, మార్జిన్‌లో ఒక కోణపు గుర్తు వేసేవారు. తరువాతి లేఖకులు గ్రంథ వాక్యాలను ఎత్తి చూపడానికి దాన్నే వాడారు. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో సంభాషణలకు కొటేషన్ మార్కులు లేవు. పాత్రల మాటలను ఆ గుర్తుల మధ్య పెట్టే అలవాటు పద్దెనిమిదో శతాబ్దపు నవలలతో స్థిరపడింది.

పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో అచ్చయింది. పంచతంత్రపు కథలో కథ, అందులో మరో కథ. నక్క చెప్పే కథలో కాకి మాట్లాడుతుంది, కాకి కథలో ఇంకో జంతువు మాట్లాడుతుంది. సూరి గ్రాంథిక వచనం పాత కావ్యపు పద్ధతినే నమ్ముకుంది. 'ఇట్లనియె', 'అనియె', 'అని పలికె' అన్న మాటలే అక్కడ గోడలూ గుమ్మాలూ. ఆయన బాలవ్యాకరణం 1858లో వచ్చింది. చిహ్నాలకు చిక్కు తెచ్చిన సంగతి ఒకటి అందులో కనిపిస్తుంది. ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు. 'రమ్ము' పక్కన 'అని' చేరితే 'రమ్మని' అవుతుంది. ఇక మూసే చిహ్నం ఎక్కడ పెట్టాలి? పాత్ర అన్న మాట 'రమ్ము'. రాత మీద 'రమ్ము' లేదు, దాని చివరి అచ్చు 'అని'లో కరిగిపోయింది. ఇంగ్లీషు కంపోజిటరుకు ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న ఇది.

తెలుగు రచయితలు దీనికి రెండు దారులు వెతికారు. సంధి విడదీసి "రమ్ము" అని రాయడం ఒకటి. సంధిని ఉంచి చిహ్నాన్ని దాని నడుమకు తేవడం రెండోది. "వస్తా"నన్నాడు, "కాదేమో"నంది అన్న రాతలు పాత కథల్లో, పత్రికల్లో కనిపిస్తాయి. వినసొంపు చెడదు, మాటకు హద్దూ తెలుస్తుంది. చాలామంది సంపాదకులు దీన్ని తప్పుగా దిద్దుతారు. నేను దిద్దను. పాత్ర నోట వచ్చిన పదం పూర్తిగా చిహ్నాల లోపల ఉంటే చాలు. అది కుదరనప్పుడు మాత్రం సంధి విడదీయడమే మేలు.

కందుకూరి వీరేశలింగం 1878లో మొదలుపెట్టిన రాజశేఖర చరిత్రము మొదటి తెలుగు నవలల్లో ఒకటి. గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ఛాయ దాని మీద ఉందన్నది అందరూ ఎరిగినదే. అయినా సంభాషణల దగ్గర పంతులు చాలాచోట్ల నాటకపు పద్ధతి పట్టారు. పాత్ర పేరు ముందు వేసి, పక్కన గీత గీసి మాటలు రాయడం ఆ కాలపు వచనంలో తరచుగా కనిపిస్తుంది. నాటకానికి అది సహజం. గురజాడ కన్యాశుల్కం 1897లో అచ్చయినా, 1909లో తిరగరాసి వచ్చినా గిరీశం మాటకు చిహ్నాలు అక్కరలేదు, పేరు పక్కనే ఉంది. నవలకు అలా కుదరదు. చెప్పేవాడి గొంతూ పాత్ర గొంతూ ఒకే పేరాలో కలిసి నడవాలి.

ఆ నడక గురజాడకే చేతనైంది. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన 'దిద్దుబాటు' ఒక పిలుపుతో మొదలవుతుంది. ఎవరు పిలుస్తున్నారో, ఎవరిని పిలుస్తున్నారో ముందుగా చెప్పే వాక్యం లేదు. 'ఇట్లనియె' లేదు, 'ఏమన్నాడంటే' లేదు. తలుపు బయట నిలబడ్డ మనిషి గొంతు చదువరి చెవిన నేరుగా పడుతుంది. కావ్య కాలంలో ఇలాంటి ఆరంభం సాధ్యమయ్యేది కాదు. ఉద్ధరణ చిహ్నం తెలుగులో 'ఇట్లనియె' స్థానంలోకి వచ్చింది, 'అని' స్థానంలోకి రాలేదు. అందుకే మూసే చిహ్నం పెట్టాక కూడా మనం 'అని' రాస్తూనే ఉన్నాం. ఇంగ్లీషు అలవాటుతో ఆ 'అని' ఎక్కువైందనుకొని కొట్టేసేవాళ్లు తెలుగు వాక్యాన్ని కుంటుపరుస్తారు.

నిజాం రాజ్యంలో ఈ చరిత్ర వేరే దారిన నడిచింది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఫారసీ బదులు ఉర్దూ కచేరీల భాష అయింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం బోధన కూడా ఉర్దూలోనే. జహీరాబాద్ వైపు రైతు తెలుగులోనో కన్నడంలోనో చెప్పుకున్న మాట ఉర్దూ కాగితంలో 'కె' వెనక చేరేది. చెప్పింది ఒక భాష, రాసింది మరొక భాష. చిహ్నాల మధ్య పెట్టడానికి అసలు మాటే మిగలదు. ఉర్దూ బడిలో చదివినవారికి ఈ గుర్తుల పేరు 'వావైన్', అంటే రెండు వావులు. తెలుగు చదువు 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి గ్రంథాలయాల వల్ల, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రిక వల్ల నిలబడింది.

ఆ తరువాత వచ్చిన తెలంగాణ నవలలో చిహ్నాలు కొత్త పని అందుకున్నాయి. వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి, దాశరథి రంగాచార్య చిల్లర దేవుళ్లు తీసుకోండి. కథకుడి భాష చదువుకున్నవారి భాష, పాత్రల మాట ఊరి మాట. రెండింటి నడుమ గీత ఉద్ధరణ చిహ్నమే. తెలంగాణ పలుకు అచ్చులోకి వచ్చిన మొదటి తలుపుల్లో ఇదొకటి, అందుకు ఆ రచయితలకు రుణపడి ఉండాలి. కానీ ఆ తలుపు దాటి పలుకు బయటికి రాలేదన్నది కూడా నిజం. చిహ్నాల లోపల ఉన్నంతసేపే దానికి చోటు. ప్రపంచాన్ని వర్ణించే హక్కు, తీర్పు చెప్పే హక్కు బయటి భాషదే. పాకాల యశోదారెడ్డి 1973లో 'మా వూరి ముచ్చట్లు' తెచ్చి ఆ కంచె తీసేశారు. అక్కడ చెప్పేదీ ఊరి భాషే, పాత్రలు మాట్లాడేదీ ఊరి భాషే. లోపలికీ బయటికీ తేడా లేనప్పుడు ఉద్ధరణ చిహ్నం మాట మొదలైన చోటు చూపించే తన అసలు పనికి తిరిగి వస్తుంది.

ఈ సంగతి జహీరాబాద్ ప్రాంతంలో మరో రూపంలో కనిపించింది. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలోని మహిళా సంఘాలు 2008 అక్టోబరు 15న మాచ్‌నూరులో సంఘం రేడియో ప్రారంభించాయి. దాన్ని నడిపింది దళిత స్త్రీలు. పాత పంటలు, విత్తనాలు, పాటలు, ఇంటి వైద్యం గురించి ఊళ్ల ఆడవాళ్లు తమ పలుకుతో మాట్లాడారు. రేడియోలో చిహ్నం అక్కరలేదు, గొంతే సాక్ష్యం. ఆ మాటను కాగితం మీదికి ఎక్కించేటప్పుడే పరీక్ష. ఈ ప్రాంతపు వాడుకలో ఒక ఉదాహరణ వాక్యం చూద్దాం. "మా అత్త ఏమనేటిదంటే, 'ఇత్తనం అమ్ముకోవద్దు బిడ్డా' అనేటిది" అని ఒకామె చెప్పిందనుకోండి. జంట చిహ్నాల లోపల ఒంటి చిహ్నాలు ఉన్నాయి. ప్రతి గొంతుకూ దాని చోటు దానికి దక్కింది. అందులోని 'ఏమనేటిదంటే' తీసేస్తే వ్యాకరణానికి లోటు లేదు, ఎందుకంటే చిహ్నం ఆ పని చేస్తోంది. కానీ ఆమె కథ చెప్పే తీరు పోతుంది. రాసేవాడు తీసేయకూడదు.

బడిలో పిల్లలు దీన్ని ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అన్న పేర్లతో నేర్చుకుంటారు. చిక్కు రెండోదానితోనే వస్తుంది. ఇంగ్లీషు పాఠంలో 'నేను వస్తాను' అన్నది 'అతను వస్తాడు' అవుతుంది. ఆ నియమాన్ని తెలుగు మీద రుద్దితే అర్థమే మారుతుంది. రవి, "నేను వస్తాను" అన్నాడు. దీన్ని పరోక్షం చేస్తే 'రవి తాను వస్తానన్నాడు' అవుతుంది. సర్వనామం మారింది, క్రియ మాత్రం ఉత్తమ పురుషలోనే ఉండిపోయింది. 'రవి అతను వస్తాడన్నాడు' అని రాస్తే వచ్చేవాడు రవి కాడు, మరెవరో. తెలుగు పరోక్ష కథనంలో అసలు మాట్లాడిన మనిషి గొంతు సగం మిగిలే ఉంటుంది. అలాగని దానికి చిహ్నాలు పెట్టకూడదు. రవి, "తాను వస్తాను" అన్నాడు అని అచ్చులో తరచు చూస్తుంటాం. ఆ మాట రవి అనలేదు. చిహ్నం పెడితే 'నేను' ఉండాలి, 'తాను' కావాలంటే చిహ్నం తీసేయాలి.

మిగతా నియమాలు చిన్నవి. ప్రశ్నార్థకం, ఆశ్చర్యార్థకం మాట్లాడిన మనిషివైతే చిహ్నాల లోపల ఉంటాయి. వెనక 'అని' వస్తుంటే లోపల ఫుల్‌స్టాపు అక్కరలేదు. ఒకరి మాట అనేక పేరాలు సాగితే ప్రతి పేరా మొదట్లో తెరిచే గుర్తు పెడతాం, మూసే గుర్తు చివరి పేరాలోనే. కంప్యూటరులో తెలుగు లిపికి సొంతంగా ఉద్ధరణ చిహ్నాలు లేవు. యూనికోడ్‌లో అన్ని లిపులకూ ఉమ్మడిగా ఉన్నవే మనమూ వాడుకుంటాం. తెరిచేదీ మూసేదీ వేరువేరు ఆకారాలతో ఉన్న వంకర గుర్తులు అందులోనే ఉన్నా, కీబోర్డు మీద సులభంగా దొరికేది రెండు వైపులా ఒకేలా ఉండే నిలువు గుర్తు. మాట మొదలైన చోటు చూపడమే ఈ చిహ్నం ముఖ్య ప్రయోజనం కాబట్టి వంకర గుర్తులే తెలుగుకు నయం.

వీటన్నిటికంటె నన్ను ఎక్కువ బాధించేది వార్తల్లో రోజూ కనిపించే ఒక అలవాటు. మొగుడంపల్లి మండలంలో ఒక రైతు విలేకరితో 'వానల్లేక జొన్న ఎండిపాయె' అంటుందనుకుందాం. మర్నాడు "వర్షాభావం కారణంగా జొన్న పంట పూర్తిగా దెబ్బతిన్నది" అన్న వాక్యం ఆమె పేరు పక్కన, చిహ్నాల మధ్య అచ్చవుతుంది. అందులో ఆమె మాట జొన్న ఒక్కటే. ఆమెకు గౌరవం ఇవ్వడానికే దిద్దామని సంపాదకులు అంటారు. గౌరవం ఇవ్వాలంటే ఆమె మాటను ఉన్నదున్నట్టు వేయాలి. స్థలం చాలకనో, భాష అందరికీ అర్థం కాదనో మార్చక తప్పకపోతే తెలుగులో దానికి నిజాయితీ గల దారి ఎప్పటినుంచో ఉంది. చిహ్నాలు తీసేసి, వర్షాలు లేక జొన్న ఎండిపోయిందని ఆమె చెప్పింది అని రాయవచ్చు.